పద్దెనిమిదేళ్ళు నిండిన మరునాడు



ఈ ఆదివారం, అనగా పాస్కా కాలపు ఆరవ ఆదివారం, మనం వినబోయే సువిశేషం యోహాను గ్రంథం 14వ అధ్యాయం లోనిది. కడరా భోజనపు రాత్రి అది. ప్రభువు తమను విడిచి వెళ్ళబోతున్నారని శిష్యులకు అర్థమైంది. ఇళ్ళూ వలలూ వదులుకొని ఆయన వెంట తిరిగినవారు, రేపు ఎవరి పంచన ఉండాలో తెలియక తలలు వంచుకొని కూర్చున్నారు. వారి ముఖాలు చూసి ప్రభువు ఒక మాట ఇచ్చారు. తాను వారిని అనాథలుగా విడిచిపెట్టబోనని, మరల వారి యొద్దకు వస్తానని సెలవిచ్చారు.

మన తెలుగు శ్రీసభలో ప్రభువును పిలుచుకోవడానికి మనకు ఎంతో ఇష్టమైన మాట 'నాథుడు'. యేసునాథుడు, క్రీస్తునాథుడు అని మన అమ్మమ్మలు మనకు నేర్పారు. నాథుడంటే దిక్కు. నా మనిషి అని నలుగురిలో చెప్పుకోదగినవాడు. అటువంటి నాథుడు లేనివాడు అనాథ. మనం ప్రతి ఆదివారం గుడిలో 'నాథా, నాథా' అని గొంతెత్తి పాడుతాం. బయటికి వచ్చి చూస్తే గుడి ప్రక్కనే 'అనాథాశ్రమం' అని బోర్డు. ఈ రెండు మాటలు ఒకే ప్రహరీ గోడ లోపల ఎలా ఇముడుతున్నాయో నేను చాలా ఏళ్ళు ఆలోచించలేదు. నాకు ఆ ఆలోచన పుట్టించినది ఒక కుర్రవాడు.

మే నెల మనకు మరియతల్లి నెల. మన బోర్డింగులకూ హోములకూ ఇది సెలవుల కాలం కూడా. పరీక్షలు అయిపోగానే అమ్మలు, నాన్నలు, మేనమామలు ఆటోలు కట్టుకొని వస్తారు. పిల్లల పెట్టెలు పైన కట్టుకొని తీసుకొని పోతారు. సాయంత్రానికి ఆవరణంతా బోసిపోతుంది. ఎవరూ రానివారు అయిదారుగురు మిగులుతారు. గేటు దగ్గర ప్రతి ఆటో చప్పుడుకూ తల త్రిప్పి చూసే ఆ పిల్లలను ఏ కన్యస్త్రీని అడిగినా మీకు చెబుతుంది. వారిలో ఇంటర్మీడియట్ పూర్తయి, పద్దెనిమిదేళ్ళు నిండినవారు ఉంటే, వారి ప్రయాణం వేరు. వారు వెళ్ళేది సెలవులకు కాదు. తిరిగి రావడానికి కాదు.

2008 ప్రాంతంలో నేను ఒక విచారణలో పని చేస్తూ, దానికి అనుబంధంగా ఉన్న మగపిల్లల హోము బాధ్యత కూడా చూసేవాణ్ణి. ఆరేళ్ళప్పుడు రైల్వే స్టేషనులో దొరికిన పిల్లవాడు ఒకడు మా దగ్గరే పెరిగాడు. పీఠ బాలుడిగా పూజకు గంట కొట్టినవాడు. పద్దెనిమిది నిండాయి, ఇంటర్ గట్టెక్కాడు. మన విశ్వాసి ఒకరి సిఫారసుతో నగరంలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పని దొరికింది. దుకాణం వెనుక గోదాములోనే పడక. రెండు జతల కొత్త బట్టలు, ట్రంకు పెట్టె, సర్టిఫికెట్ల కవరు, దారి ఖర్చులు, ఒక జపమాల ఇచ్చి, తలమీద చెయ్యి వేసి దీవించి బస్సు ఎక్కించాను. ఆ సాయంత్రం రిజిస్టరులో అతని పేరుకు ఎదురుగా 'స్థిరపడెను' అని వ్రాశాను. ఆ మాట నా చేతివ్రాతలో ఇప్పటికీ అక్కడ ఉండే ఉంటుంది.

పదకొండు నెలల తరువాత, ఒక మధ్యాహ్నం, వాడు వరండాలో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ప్రక్క పల్లెలో ఒక పెద్దాయన సమాధి పూజకు నేను మోటారు సైకిలు తీస్తున్నాను. వాడికి ఏదో అవసరం వచ్చిందని అర్థమైంది. రెండు వందల రూపాయలు చేతిలో పెట్టి, "ఆదివారం పూజ అయ్యాక రారా, తీరిగ్గా మాట్లాడదాం" అన్నాను. వాడు ఆ నోట్లు చూశాడు, నన్ను చూశాడు. "అలాగే ఫాదర్ గారూ" అన్నాడు. ఆదివారం రాలేదు. ఆ మరుసటి ఆదివారమూ రాలేదు. నాకు నిజంగా చెప్పాలంటే మూడో ఆదివారానికి ఆ సంగతే గుర్తు లేదు.

రెండేళ్ళ తరువాత ఫిబ్రవరిలో గుణదల మరియమాత తిరునాళ్ళకు వెళ్ళాను. అప్పటికి నాకు వేరే విచారణకు బదిలీ అయింది. 9, 10, 11 తేదీల్లో ఆ కొండ క్రింద జనం ఎలా ఉంటారో మీలో చాలామందికి తెలుసు. పందిళ్ళలో, చెట్ల క్రింద, దుప్పటి పరుచుకోగల జాగా ఎక్కడ దొరికితే అక్కడ కుటుంబాలకు కుటుంబాలు పడుకుంటాయి. ఆ జనంలోంచి వాడే నన్ను గుర్తుపట్టి వచ్చాడు. ఇద్దరం ఒక మెట్టు మీద కూర్చున్నాం. అప్పుడు విన్నాను వాడి కథ.

దుకాణం యజమాని ఇద్దరు కొడుకుల మధ్య పంపకాలు వచ్చి దుకాణం మూసేశారట. పని పోయిన రోజునే పడక కూడా పోయింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అయితే మనలో ఎవరి బిడ్డకైనా ఉద్యోగం పోతే వాడు బస్సెక్కి ఇంటికి వస్తాడు. వీడికి బస్సు ఉంది, ఇల్లు లేదు. చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో 'టూ-లెట్' బోర్డులు వెదుకుతూ తిరిగాడు. బ్యాచిలర్లకు ఇవ్వం అన్నవారు కొందరు. ఇస్తామన్నవారు అడిగిన ప్రశ్నలు మూడు: మీది ఏ ఊరు? మీవాళ్ళు ఎవరు? మీ నాన్న ఫోను నంబరు ఇవ్వు. మన దేశంలో ఈ ప్రశ్నల వెనుక మరో ప్రశ్న కూడా దాగి ఉంటుంది, అది కులం. నిజం చెబితే తలుపు మూసుకుంది. ఒకచోట అబద్ధం చెప్పాడు, వారానికి దొరికిపోయాడు. ఆ తరువాత బస్టాండులో రాత్రులు. పోలీసు లేపితే వేరే ప్లాట్‌ఫారానికి మారడం. ట్రంకు పెట్టె దాచుకోవడానికి చోటు లేక దాన్ని అమ్మేశాడు. సర్టిఫికెట్ల కవరు మాత్రం చొక్కా లోపల పెట్టుకొని తిరిగాడు.

"ఆ రోజు నేను డబ్బుల కోసం రాలేదు ఫాదర్ గారూ" అన్నాడు. "ఓనరు మీ ఊరేదని అడుగుతున్నాడు. మన విచారణ పేరు చెప్పి అదే మా ఊరని అనవచ్చా, మీ నంబరు ఇవ్వవచ్చా అని అడుగుదామని వచ్చాను. మీరు హడావిడిలో ఉన్నారు."

కాసేపు ఆగి, నవ్వుతూ మరో మాట అన్నాడు. "నాకు ఈ మూడు రోజులు మా బాగుంటుంది. ఇక్కడ అందరూ నేల మీదే పడుకుంటారు. నీ ఇల్లేదిరా అని ఎవరూ అడగరు."

ప్రియులారా, ఆ మాట విని ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఆ తిరునాళ్ళకు వెళ్ళినప్పుడల్లా రాత్రిపూట ఆ పడుకున్నవారి మధ్య నడుస్తూ, వీరిలో తెల్లవారితే వెళ్ళడానికి ఇల్లు లేనివారు ఎందరని లెక్కపెట్టుకోవాలనిపిస్తుంది. ఎలా లెక్కపెడతాను? అందరి దుప్పట్లూ ఒకేలా ఉంటాయి.

చట్టం ఈ పిల్లలను పూర్తిగా మరచిపోయిందని చెప్పలేం. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 46వ సెక్షను వీరికోసమే ఉంది. పద్దెనిమిది నిండి హోము నుండి వెళ్ళే బిడ్డకు సమాజంలో కలిసిపోవడానికి ఆర్థిక సాయం అందించవచ్చని అది చెబుతుంది. 2016లో వచ్చిన మాదిరి నియమాలు ఈ తరువాతి సంరక్షణను 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్ళ వరకు పొడిగించాయి. ఆరు నుండి ఎనిమిది మంది కలిసి ఒక ఇంట్లో తాత్కాలికంగా ఉండే ఏర్పాటు కూడా ఆ నియమాల్లో ఉంది. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం క్రింద ఇటువంటివారికి నెలకు 4,000 రూపాయల సాయం నిర్ణయించారు. నగరంలో ఒక మంచానికీ రెండు పూటల అన్నానికీ అది ఎంతవరకు వస్తుందో పిల్లల్ని హాస్టళ్ళలో చదివించుకునే మీకు నేను చెప్పనక్కరలేదు. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న బిడ్డలకు 2021లో వేరే పథకం పెట్టి, 23 ఏళ్ళు వచ్చేసరికి పది లక్షల రూపాయలు చేతికందేలా ఏర్పాటు చేశారు. మంచిదే. పద్దెనిమిదితో బాల్యం తీరిపోదని ప్రభుత్వానికి కూడా తెలుసునన్నమాట.

సెమినరీలో తత్వశాస్త్రం చదివినవాడికి మాటలు పట్టుకొని వేలాడే జబ్బు ఒకటి ఉంటుంది, మన్నించండి. 46వ సెక్షనులో ఉన్న మాట 'అందించవచ్చును'. 'అందించవలెను' కాదు. ఒక్క క్రియాపదంలో ఎంత తేడా! ఎవరికి రావలసినది వారికి ఇవ్వడం న్యాయమని పునీత థామస్ అక్వినాసు గారి దగ్గర నేర్చుకున్నాం. 'వచ్చును' అన్న చోట ఇచ్చేవాడి దయ ఉంటుంది, 'వలెను' అన్న చోట పుచ్చుకొనేవాడి హక్కు ఉంటుంది. అయితే చట్టాన్ని విమర్శించే ముందు నేను ఒప్పుకోవలసినది ఉంది. నేను ఆ కుర్రవాణ్ణి పంపించిన రోజున కూడా, 2000 నాటి పాత చట్టంలో ఈ తరువాతి సంరక్షణ సంగతి ఉంది. హోము నడుపుతున్న నేను దాన్ని చదవలేదు. పప్పు బియ్యం లెక్కలు మాత్రం పైసాతో సహా చూసేవాణ్ణి.

ఇంకొక సంగతి చెప్పుకోవాలి. దాతలకు మనం పంపే ఫోటోల్లో ఎప్పుడూ చిన్నపిల్లలే ఉంటారు. పాలబుగ్గల బిడ్డను చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. మీసాలు వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి ఫోటో చూసి చెక్కు వ్రాసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. కాని ఆ ఇద్దరూ ఒకే బిడ్డ.

2020 మార్చి 25వ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు. హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ ప్రాంతాల్లో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారని కుర్రకారు అంతా ప్రయాణపు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. వారి కష్టం చూసి మనందరికీ కడుపు తరుక్కుపోయింది. మీ బిడ్డలు కొందరు ఆ వరుసల్లో ఉండి ఉంటారు. కాని వారిలో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి వైపు వెళ్తున్నారు. సరిహద్దు దాటితే అవతల అన్నం వండి ఎదురుచూస్తున్న తల్లి ఉంది. ఆ రోజు హాస్టలు ఖాళీ చేయమంటే పాసు కాగితంలో 'ఎక్కడికి' అన్న గడిలో ఏమి వ్రాయాలో తెలియని బిడ్డ సంగతి అప్పుడు మనకు తోచలేదు. నాకూ ఆ రోజు రాత్రి ఆలస్యంగానే తోచింది.

ఇక ఆడపిల్లల విషయం. దీన్ని గురించి వ్రాయడానికి కలం కొంచెం జంకుతుంది, అయినా వ్రాయాలి. హోములో పెరిగిన అమ్మాయికి పద్దెనిమిది నిండుతున్నాయంటే కన్యస్త్రీలకు నిద్ర పట్టదు. బయట ఒంటరిగా గది తీసుకొమ్మనలేరు, లోపల ఉంచుకోలేరు. అందుచేత ఎవరో ఒక సంబంధం చూసి, విచారణలో నలుగురి దగ్గర చందా వేసి, గబగబా పెళ్ళి చేసేస్తాం. తల దాచుకోవడానికి చోటు లేక చేసుకున్న పెళ్ళి! వివాహం దివ్యసంస్కారం. దాన్ని మనం ఒక వసతి ఏర్పాటుగా మార్చేస్తున్నాం. మంచి భర్తలు దొరికినవారూ ఉన్నారు, దేవునికి స్తోత్రం. కాని దొరకనివారి మాటేమిటి? మన ఇళ్ళల్లో ఆడపిల్లకు అత్తవారింట ఒక మాట పడితే పుట్టింటికి వచ్చి నాలుగు రోజులు ఉంటుంది, అన్నదమ్ములు వెళ్ళి మాట్లాడుతారు. పుట్టిల్లు ఉందన్న భయమే సగం మంది భర్తల చేతులు ఆపుతుంది. ఈ బిడ్డ వెనుక ఎవరూ లేరని మొదటి నెలలోనే తెలిసిపోతుంది. ఐదో నెలలో చలిమిడి తెచ్చే తల్లి ఎవరు? మొదటి కాన్పుకు తీసుకువెళ్ళే పుట్టిల్లు ఏది? నాకు తెలిసిన ఒక విచారణలో మరియదళం సభ్యురాలు, వితంతువు, ఇటువంటి అమ్మాయిని కాన్పుకు తన ఇంటికి తెచ్చుకొని మూడో నెల వరకు ఉంచుకుంది. పంపేటప్పుడు పసుపు చీర, సారె పెట్టి పంపింది. ఆ అల్లుడు ఇప్పుడు ఆమె దగ్గర నోరెత్తడు. ఆమెకు ఉన్నది రెండు గదుల ఇల్లు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి ఫాదర్ గారూ, కాని ముక్కూ మొహం తెలియని కుర్రవాణ్ణి నమ్మి గది ఎలా ఇస్తాం? ఇంట్లో ఆడపిల్లలున్నారు, వస్తువులున్నాయి" అని మీరు అంటారు. అనండి. తప్పు లేదు. పునీత డాన్ బోస్కో గారు కూడా తన తల్లి మార్గరీటమ్మతో అదే అన్నారు.

ఇటలీలోని టూరిన్ నగరంలో డాన్ బోస్కో గారు యువ గురువుగా ఉన్న రోజుల్లో, చెరసాలలకు వెళ్ళి ఖైదీలను దర్శించేవారు. అక్కడ ఆయన గమనించినది ఒకటి. విడుదలైన కుర్రవాళ్ళలో చాలామంది కొద్ది రోజుల్లోనే మళ్ళీ లోపలికి వస్తున్నారు. కారణం, బయట వారికి ఎవరూ లేరు. ఆ తరువాత ఒక రాత్రి, ఊరి చివర తిరుగుతున్న కొందరు కుర్రవాళ్ళకు పడుకోవడానికి చోటు లేదని తెలిసి తన ఇంటికి తీసుకువచ్చారు. గడ్డి అటక మీద పడక చూపించి, దుప్పట్లు ఇచ్చి, ప్రార్థన చెప్పించి, తాను వెళ్ళి పడుకున్నారు. తెల్లవారి లేచి చూస్తే ఎవరూ లేరు. దుప్పట్లూ లేవు. అంతటి పునీతుడి మొదటి ప్రయత్నం ఇలా ముగిసింది! ఇలాంటిది మన విచారణలో జరిగితే ఆ తలుపు మళ్ళీ పదేళ్ళకు గాని తెరుచుకోదు. పెద్దల సమావేశంలో ఆ దుప్పట్ల కథ ప్రతి ఏడూ చెప్పుకుంటాం.

1847 మే నెలలో, వాన కురుస్తున్న ఒక సాయంత్రం, పదిహేనేళ్ళ పిల్లవాడు ఆ ఇంటి తలుపు తట్టాడు. నిలువెల్లా తడిసిపోయి ఉన్నాడు. తాపీ పని వెదుక్కుంటూ వచ్చిన అనాథ. ఉన్న డబ్బులు అయిపోయాయి. మార్గరీటమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టింది. రాత్రికి ఉంచుకోవాలన్న మాట వచ్చేసరికి, వీడు గిన్నెలు పట్టుకుపోతాడేమోనన్న భయం డాన్ బోస్కో గారు దాచుకోలేదు. అయినా ఆమె ఇటుకలు పేర్చి, పైన పలకలు వేసి వంటింట్లోనే పడక అమర్చింది.  ఆ తల్లి పిల్లవాడికి నాలుగు మంచి మాటలు చెప్పి, ప్రార్థన చేయించి, ఆ తరువాత వంటింటికి తాళం వేసుకుంది. తాళం వేసింది, చూశారా! నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ తాళమే. ఆమె గుడ్డిగా నమ్మలేదు. ఆ భయం మాట విని కూడా చోటిచ్చింది. జాగ్రత్త పడుతూనే తల్లి అయింది. ఆ ఒక్క పడక తరువాతి సంవత్సరాల్లో వందల పడకలైంది. డాన్ బోస్కో గారు అంతటితో ఆగలేదు. తన పిల్లవాణ్ణి పనిలో పెట్టుకునే మేస్త్రీలతో ఒప్పందం వ్రాయించి, పని నేర్పాలి, సెలవు ఇవ్వాలి, కొట్టకూడదు అని షరతులు పెట్టి, తానే ప్రక్కన సంతకం చేసేవారు. 1851-52 నాటి అటువంటి పత్రాలు ఈనాటికీ ఉన్నాయి. నేను రెండు వందలు ఇచ్చిన చోట ఆయన సంతకం పెట్టారు.

మళ్ళీ సువిశేషానికి వద్దాం. అనాథలుగా విడువనని గురువారం రాత్రి ఇచ్చిన మాటను ప్రభువు శుక్రవారం మధ్యాహ్నానికే నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు. సిలువ మీద నుండి మరియతల్లికి యోహానును కుమారునిగా చూపించారు, యోహానుకు ఆమెను తల్లిగా చూపించారు. ఆ గడియ నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని సువిశేషకారుడు వ్రాశాడు. మనం ఈ ఘట్టం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, కాని ఇందులో అద్దె ఇంటి సమస్య కూడా ఉందని గమనించామా? భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకూ చనిపోతున్నాడు. ఆ కాలంలో అటువంటి స్త్రీ వీధిపాలే. పవిత్రాత్మ రాక తప్పక వస్తుంది, కాని ఈ రాత్రి ఆ తల్లి ఎక్కడ పడుకోవాలి? ప్రభువు ప్రాణం పోతున్న వేళ ఆ సంగతి చూశారు. నిధి ఏర్పాటు చేయలేదు, ఆశ్రమం చూపించలేదు. ఒక ఇంటిని చూపించారు.

ఆ ఇల్లు అపోస్తలునిది కదా, కాబట్టి ఈ పని గురువులదీ కన్యస్త్రీలదీ అంటారేమో. అక్కడే నేను ఇన్నేళ్ళూ పొరబడ్డాను. మేము ఇంటివాళ్ళం కాము. అయిదారేళ్ళకు ఒకసారి మేత్రాణులవారి ఉత్తరం వస్తుంది, పెట్టె సర్దుకొని మరో విచారణకు పోతాము. సిస్టరమ్మలకూ అంతే, వారి సభ ఎక్కడికి పంపితే అక్కడికి. పదేళ్ళు ఒక బిడ్డను పెంచిన మదరు గారు బదిలీ అయ్యాక ఆ బిడ్డ క్రిస్మసుకు వెతుక్కుంటూ వస్తే, గేటు దగ్గర కొత్త సిస్టరు "ఎవరు కావాలమ్మా?" అని అడుగుతుంది. ఆమె తప్పు కాదు, ఆమెకు తెలియదు. మీరు అలా కాదు. మీ తాతల నుండి అదే ఊరు, అదే వీధి, గుడిలో అదే స్తంభం ప్రక్కన అదే చోటు. మీకు బదిలీలు లేవు. అందుకే ఈ మాట గురువుల సమావేశంలో చెప్పకుండా కుటుంబాలు చదివే ఈ పత్రికలో వ్రాస్తున్నాను.

నేను అడిగేది దత్తత కాదు. ఆడపిల్లలున్న ఇంట్లోకి కుర్రవాణ్ణి తెచ్చి పెట్టుకోమనడం లేదు. మేడ మీద ఖాళీ గది ఉండి, ఎలాగూ అద్దెకు ఇచ్చేవారే అయితే, హోము నుండి వచ్చిన ఇద్దరికి మామూలు అద్దెకే ఇవ్వండి. అడ్వాన్సు ఒక్కసారి కాక నెలనెలా కట్టుకోనివ్వండి. గది లేనివారు ఒక ఫోను నంబరు ఇవ్వండి. ఓనరు చేస్తే "ఔను, మా అబ్బాయే, మా ఊరే" అని చెప్పడానికి ఒక గొంతు కావాలి. ఉత్తరాలు వచ్చే చిరునామా కావాలి. చాలామందికి ఆధార్ కార్డు మీద ఉన్నది హోము చిరునామాయే. వెళ్ళిపోయాక వచ్చిన ఏటీఎం కార్డులు, ఉద్యోగం కాగితాలు హోము ఆఫీసు బీరువాలో పడి ఉండటం నేను చూశాను. క్రిస్మసు రాత్రి పూజ తరువాత వెళ్ళడానికి ఒక ఇల్లు కావాలి. విన్సెంట్ డి పాల్ సభ ఉన్న విచారణల్లో ఈ పని పంచుకోవడం తేలిక. హోములు నడిపే గురువులకూ సిస్టర్లకూ ఒక మనవి: ఆ కుటుంబాన్ని పద్దెనిమిదో పుట్టినరోజున వెదకవద్దు. బిడ్డకు పద్నాలుగు, పదిహేను వచ్చినప్పటి నుండే పండుగలకు ఒకే ఇంటికి పంపుతూ ఉంటే, వెళ్ళిపోయే రోజు వచ్చేసరికి ఆ ఇల్లు ఆ బిడ్డకు, ఆ బిడ్డ ఆ ఇంటికి అలవాటై ఉంటారు. పంపే ముందు ఆ ఇంటిని బాగా విచారించండి. మార్గరీటమ్మ తాళం ఇరుపక్షాలకూ అవసరమే.

ఇక ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. గుణదలలో ఆ రాత్రి నా నంబరు వ్రాసి ఇచ్చాను, ఊరి పేరు చెప్పుకోమన్నాను. కాని ఆ పని నాకంటే ముందే ఒకరు చేసేశారని అప్పుడు వాడు నాకు చెప్పలేదు. మొన్న ఆ పాత విచారణ పండుగకు వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ రోజు నేను మోటారు సైకిలు మీద వెళ్ళిపోయిన తరువాత, హోములో వంట చేసే పెద్దావిడ వాణ్ణి వెనుక గుమ్మం నుండి పిలిచి అన్నం పెట్టిందట. ఎక్కడ ఉంటున్నావురా అని అడిగిందట. అప్పటి నుండి ప్రతి క్రిస్మసుకూ, ప్రతి పాస్కాకూ వాడు ఆమె ఇంటికే వస్తున్నాడు. ఇప్పుడు ఏసీ మెకానిక్కు పని, అద్దె గది, పెళ్ళి కూడా అయింది. పెళ్ళి కార్డులో పెద్దల పేర్ల చోట ఆమె పేరు వేయించాడు. వాడి ద్వారా మరో ఇద్దరు కుర్రవాళ్ళు, తరువాతి బ్యాచీల వాళ్ళు, సెలవు దొరికితే ఆమె ఇంటికే వస్తున్నారు.

"ఇన్నేళ్ళూ నాతో ఒక్కమాటైనా అనలేదేమమ్మా?" అని అడిగాను.

"మీరు బదిలీ అయ్యే మనుషులు గదా ఫాదర్ గారూ, మీకెందుకని" అన్నది. అని, వచ్చిన అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలనుకుందో ఏమో, వంటింటి మీద రెండు రేకులు పాడైపోయాయని, పిల్లలు ముగ్గురూ ఒకేసారి వస్తే ఒకడి మీద వాన కారుతున్నదని, తొలకరి లోపల మార్పించే దారి ఏదైనా చూడమని అడిగింది.